అమ్మ పుట్టిన ఊరికి వెళ్లి ఏడుస్తోంది

ప్రశ్న: మాది ఖమ్మం. లండన్‌లో ఉద్యోగం. నా రూమ్మేట్ సోమాలీ అమ్మాయి, ఇక్కడే పుట్టింది. తన మూలాలు తెలుసుకోవాలని నిరుడు వాళ్లమ్మ పుట్టిన హర్గేసా వెళ్లి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. ఇక్కడ ‘అసలు మీది ఏ దేశం?’ అని అడిగేవారు. అక్కడేమో యాస విని నవ్వి, ‘కుర్బజోగ్’, అంటే విదేశాల నుంచి వచ్చినదానివి అంటున్నారట. రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడుస్తోంది. వచ్చేయమని చెప్పనా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు ఆ ఊరి సంగతి చూడండి. 1988లో అప్పటి సోమాలియా అధ్యక్షుడు సియాద్ బర్రె ప్రభుత్వం తన సొంత దేశంలోని హర్గేసా నగరం మీదే బాంబులు వేయించింది. ఆ విమానాలు ఎగిరింది కూడా ఆ ఊరి విమానాశ్రయం నుంచే. ఊరు చాలావరకు నేలమట్టమైంది. లక్షల మంది ఇథియోపియా సరిహద్దు దాటి శిబిరాల్లో తలదాచుకున్నారు. ఇప్పుడున్న ఊరు 1991 తర్వాత తిరిగొచ్చినవాళ్లు కట్టుకున్నది. అమ్మ నోట విన్న ఊరు బహుశా అంతకు ముందుది. అదే ఉంటుందనుకుని వెళ్లినట్టుంది మీ స్నేహితురాలు.

అంటే ఆమెను పరాయిదానిలా చూస్తున్న పెద్దవాళ్లలో చాలామంది తామూ వెళ్లి వచ్చినవాళ్లే. ‘మీరు తిరిగొచ్చిన కొత్తలో ఎలా ఉండేది?’ అని వాళ్లనే అడగమనండి. అలా అడిగితే మాట ఆమె యాస మీది నుంచి వాళ్ల జ్ఞాపకాల మీదికి మళ్లుతుంది.

అక్కడ వంశం కూడా అడుగుతారు, మన పల్లెల్లో ‘ఎవరి తాలూకు?’ అన్నట్టు. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరసగా చెప్పడం పిల్లలకు చిన్నప్పుడే నేర్పిస్తారు. లండన్‌లో పెరిగినవాళ్లకు అది పరీక్షలా తోచడం సహజం. రానందుకు సిగ్గుపడనక్కర్లేదు, నాన్న తరఫు వాళ్లెవరి దగ్గరైనా ఇప్పుడు నేర్చుకోవచ్చు. అయితే ఆ ప్రశ్న ప్రతిసారీ అమాయకమైనదేం కాదు. ఉద్యోగాల్లో, పెళ్లిళ్లలో వంశం లెక్కలు గట్టిగానే నడుస్తాయి. ఇష్టం లేనిచోట జవాబు దాటేయవచ్చు.

ఆఫీసులో చిరాకులకు జీతం తేడా కూడా కారణం కావచ్చు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఎక్కువ జీతం ఇస్తే అక్కడే చదువుకున్నవాళ్లకు కడుపు మండదా? ఆ కోపాన్ని తన మీద ద్వేషం అనుకోవద్దని చెప్పండి.

ఇక మీ సంగతి. రాత్రి ఫోన్లు మీ ఒక్కరి మీదే పడితే మీకూ టెన్షనే. వాళ్లమ్మతో మాట్లాడమని ఆమెకు గట్టిగా చెప్పండి. 1988 గురించి ఆ ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో! నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతింటే మాత్రం డాక్టర్‌ను కలవాలి. అప్పటికీ కుదుటపడకపోతే తిరిగి రావడం గురించి ఆలోచించమనండి. నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి.