కొవ్వొత్తి వెలుగులో చల్లారిన సూప్

ప్రశ్న: మా పెళ్లయి 25 ఏళ్లు నిండాయని మావారు నెల ముందే ఓ పేరున్న రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేశారు. అద్దాల గోడలు, హాలు మధ్యలో నీటి కొలను, టేబుల్ మీద కొవ్వొత్తి... లోపలికి వెళ్లగానే నాకు నోట మాట రాలేదు. తిండి మాత్రం! సూప్ గోరువెచ్చగా వచ్చింది. ముప్పావు గంట కూర్చోబెట్టి తెచ్చిన చేప పీచులా ఉంది. వెయిటర్ వచ్చి ‘ఎలా ఉందండీ’ అంటే ఇద్దరం ఒకేసారి ‘చాలా బాగుంది’ అన్నాం. బిల్లు చూస్తే గుండె గుభేలుమంది. ఇంటికొచ్చాక మావారు ఫ్రిజ్ తీసి, మధ్యాహ్నం మిగిలినది వేడి చేసుకున్నారు. నేనూ తిన్నాను. అంత ఖరీదైన చోట వంట అలా ఎలా ఉంటుంది? ఆ రుచులు మాకే తెలియవా? అక్కడే చెప్పేయాల్సిందా?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న. చల్లారిన సూప్‌ని చల్లారిందని కనిపెట్టడానికి నాలుకకి చదువు అక్కర్లేదు. మీ నాలుక బాగానే ఉంది.

నేను 19 ఏళ్లు రెస్టారెంట్ కిచెన్లలో పనిచేశాను. మొదటి రెండేళ్లూ గిన్నెలే తోమాను. ఆ సూప్ వెడల్పాటి అంచున్న, లోతు లేని ప్లేటులో వచ్చి ఉంటుంది, అవునా? ఫోటోలో అది చాలా బాగుంటుంది. కానీ సూప్ ఎంత వెడల్పుగా పరుచుకుంటే వేడి అంత తొందరగా పోతుంది. అరలోంచి అప్పుడే తీసిన చల్లటి పింగాణీ ఇంకాస్త లాగేస్తుంది. ప్లేట్లు ముందే వేడిచేసి పెట్టుకోవాలని వంటవాళ్లందరికీ తెలుసు. రద్దీ పెరిగితే ముందు మానేసేదీ అదే.

చేప సంగతి ఇంకా సున్నితం. దాని కండ 50 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలవుతుంది. 60 దాటితే నీరంతా వదిలేసి ఎండిపోతుంది. పొయ్యి మీంచి దించాక కూడా తన వేడికి తనే ఇంకాస్త ఉడుకుతుంది. పైగా వండిన ప్లేట్లు హాల్లోకి వెళ్లేముందు ఆగే బల్ల ఒకటుంటుంది, మేం దాన్ని ‘పాస్’ అంటాం. పైన వేడి దీపాలు వేలాడుతుంటాయి. ఒక టేబుల్‌కి రెండు ప్లేట్లూ కలిసి వెళ్లాలి కాబట్టి, ముందు తయారైంది రెండోదాని కోసం ఆ దీపం కింద ఎదురుచూస్తుంది. మీవారు చెప్పింది ఆలస్యమై, శిక్ష మీ చేపకి పడి ఉంటుంది.

నేను చేసిన ఒకచోటా కొలను ఉండేది. దానికోసం కిచెన్‌ని వెనక్కి నెట్టారు. పొయ్యి దగ్గర్నుంచి చివరి టేబుల్‌కి వెళ్లాలంటే మూడు మలుపులు, పది మెట్లు. ఓనరుగారు రోజూ దగ్గరుండి ఆ కొలనులో పూలు మార్పించేవారు. ఒక పొయ్యి ఆర్నెల్లు వెలగలేదు, దాన్ని మాత్రం ఎవరూ బాగుచేయించలేదు!

అలాగని హంగుల వల్ల ఏమీ ఉండదని కాదు. 2012లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఒకే స్ట్రాబెర్రీ మూస్‌ని, అంటే నురగలా మెత్తగా ఉండే తీపి వంటకాన్ని, తెల్ల ప్లేటులోనూ నల్ల ప్లేటులోనూ పెడితే, తెల్లదాంట్లోది ఎక్కువ తియ్యగా ఉందన్నారు. చప్పుడు ఎక్కువైతే తీపి, ఉప్పు తక్కువగా తెలుస్తాయని 2011లో ఇంకో పరిశోధన తేల్చింది. అద్దం శబ్దాన్ని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. మీరు మురిసిపోయిన గోడలే మీ సూప్‌లో ఉప్పు కాస్త దోచుకున్నాయేమో! 1926 నుంచి రెస్టారెంట్లకి స్టార్లిస్తున్న మిషెలిన్ గైడ్ వాళ్లు ఆ స్టార్ కోసం ప్లేటులో ఉన్నదే చూస్తారు. హాలు అందానికి అందులో చోటు లేదు.

ఇక చెప్పాలా వద్దా అన్నది. చెప్పాల్సిందే, అదీ మొదటి రెండు మూడు స్పూన్లలోనే. ‘బాగాలేదు’ అంటే కిచెన్‌కి ఏమీ అర్థం కాదు. ‘చల్లారింది, వేడి చేసిస్తారా’, ‘ఎండిపోయింది, ఇంకోటి ఇస్తారా’ అంటే అర్థమవుతుంది, పని జరుగుతుంది. గొంతు పెంచక్కర్లేదు, క్షమించమని అడగనూ అక్కర్లేదు. గిన్నెలు తోమే రోజుల్లో నాకు అన్నీ కనిపించేవి. ‘చాలా బాగుంది’ అన్న టేబుల్ నుంచే సగం చేప వెనక్కొచ్చేది. చెఫ్‌తో చెప్పబోతే ‘తిన్నవాళ్లే బాగుందన్నారు, మధ్యలో నీకేంటి’ అనేవారు. ఆయనదీ తప్పనలేను, ఆయన చెవిన పడింది ఆ మాటే.

ఇప్పుడైనా మేనేజర్‌కి నాలుగు లైన్లు రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ రెండు వంటలు, ఎంతసేపు కూర్చున్నారు, అంతే. కొవ్వొత్తి ఊసు వద్దు. డబ్బు తిరిగొస్తుందని మాత్రం పెద్దగా ఆశపడకండి. తిని, బాగుందని, బిల్లు కట్టి వచ్చేశాక ఇక అది వాళ్ల మర్యాదే.

మీరు అడగనిది ఒకటుంది. మీవారు నొచ్చుకుంటారని మీరు బాగుందన్నారు. మీ ముఖం చూసి ఆయన అన్నారు. ఆయనతో అసలు మాట చెప్పాలా అని ఇంకా మథనపడుతున్నారేమో. ఆ రాత్రి ఫ్రిజ్ తలుపు ముందు తీసింది ఆయనేనని మీరే రాశారు కదమ్మా.