రెండు రోజులు గోదారి దాటి రా, అమ్మడూ

అమ్మడూ,

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి "పెదనాన్నా, ఒక్క డిజైనూ కుదరట్లేదు, స్క్రీన్ ముందు కూర్చుంటే బుర్ర మొద్దుబారిపోతోంది" అన్నావు. "పడుకో తల్లీ, రేపు మాట్లాడదాం" అని పెట్టేశాను గానీ నాకే నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ ఆఫీసు వాళ్ళెవరో చేస్తారు, నువ్వు "ఒక్క నిమిషం" అంటావు, ఆ నిమిషం ఎప్పటికీ అవదు. అందుకే రాస్తున్నా.

నీకు పని రాకుండా పోలేదు, ముందు ఆ భయం తీసెయ్. ముప్పై ఐదేళ్ళు వారపత్రికలకి కథల బొమ్మలు వేసి బతికినవాణ్ణి, నాకిది కనీసం మూడుసార్లు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడికి మనిషి పూర్తిగా డస్సిపోవడాన్ని, తన రోగాల పట్టికలో రాసుకున్నప్పుడు కూడా ఇది రోగం కాదు, పనిచేసే చోట తగ్గకుండా ఉండే ఒత్తిడి వల్ల వచ్చేది అనే చెప్పింది. మా రోజుల్లో ఆ పేరు లేదు, చెయ్యి ఎండిపోయింది అనేవాళ్ళం. ఒకసారి వరసగా మూడు వారాలు మూడు వేర్వేరు కథలకి ఒకే ఆడమనిషిని వేసిచ్చాను. అదే ముక్కు, అదే జడ, అదే కిటికీ పక్కన నిలబడటం. ఎడిటర్ గారు తిట్టలేదు. మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి నా వంక చూశారంతే. తిట్టినా బాగుండేది.

అప్పుడు నేను చేసిన తెలివైన పనేంటో తెలుసా? మీ పెద్దమ్మనీ పిల్లల్నీ వెంటేసుకుని నాలుగు రోజుల్లో మదురై, కొడైకెనాల్, రామేశ్వరం, కన్యాకుమారి. సంచిలో డ్రాయింగ్ బోర్డు కూడా పెట్టుకున్నా. పగలంతా గుళ్ళు, రాత్రి లాడ్జిలో బోర్డు ముందేసుకుని, ఇంత డబ్బు పోసి వచ్చాం, ఏదో ఒకటి తట్టకపోతుందా అని కూర్చోవడం. ఏమీ తట్టలేదు. నడుం నొప్పి ఒకటి అదనంగా వచ్చింది.

కాబట్టి గోవా, కూర్గ్ అని ఫోన్లో రీళ్ళు చూస్తుంటే ఆపు. ఒకే ఊరు, రెండే రోజులు, చూడాల్సినవి వీలైనంత తక్కువ. శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో నరసాపురం బండెక్కు, తెల్లారాక దిగుతావు. లాడ్జిలో స్నానం చేసి, వేడిగా మినపరొట్టి ఎక్కడ దొరుకుతుందో అడిగి తిని, నింపాదిగా రేవుకి పో.

నరసాపురమే ఎందుకంటావా, ఆ పంటు కోసం, అదే, ఏరు దాటించే బల్లపరుపు ఇంజను పడవ. వశిష్ఠ గోదారి మీద ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి. మనుషులు, మోటార్‌సైకిళ్ళు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే పంటు మీద దాటతాయి. అది అవతలి ఒడ్డున ఉందనుకో, వచ్చేదాకా ఆగాల్సిందే, నువ్వెవరివైనా సరే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పది నిమిషాలకే గిలగిల్లాడిపోయి వాచీ చూసుకోవడం, రేవు మెట్లు ఎక్కడం, దిగడం. మూడోసారి దాటేటప్పటికి మాత్రం ఇంజను శబ్దం మారడాన్ని బట్టి ఒడ్డు ఎంత దూరంలో ఉందో తెలుస్తోంది. పంటు ఆనేముందు డ్రైవరు స్పీడు తగ్గిస్తాడు, గచ్చు మీద ఇనుప పలక గరగరా రాసుకుంటుంది, అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్న జనమంతా ఒక్కసారి లేచి చెప్పులు వెతుక్కుంటారు. ఇదంతా నీకు పనికొస్తుందని చెప్పట్లేదు, పనికిరాని సంగతుల్ని చూసి ఎన్నాళ్ళయిందో ఆలోచించుకోమంటున్నా.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపిస్తారు. ఆ పనికి వందేళ్ళు ఎప్పుడో దాటాయి, 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఇది ఈ ప్రాంతపు సొంత సరుకని ప్రభుత్వం ఇచ్చే ముద్ర. ఒకావిడ దగ్గర గంటసేపు కూర్చున్నాను. మాట్లాడుతూనే అల్లుతోంది. మధ్యలో ఎక్కడో లెక్క తప్పింది, దారం పట్టుకు లాగితే అరచేయంత అల్లిక సర్రున ఊడిపోయింది. ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. మా కబుర్లు మాత్రం ఆగలేదు. ఊరికే ఫోటో తీసుకుని వచ్చేయకు, మీ పెద్దమ్మకి ఒక టేబుల్ క్లాత్ కొను, బేరం మరీ ఎక్కువ ఆడకు.

ఆదివారం పొద్దున్నే అవతలికి దాటి ఆటోలో అంతర్వేది వెళ్ళు. నరసింహస్వామి దర్శనం నీ ఇష్టం. కానీ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చో. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, అక్కడ లాగుడు ఎక్కువ. మాఘమాసంలో కళ్యాణం రోజుల్లో వెళ్ళావంటే నీ ఆఫీసే నయమనిపిస్తుంది, అంత జనం. శ్రావణ భాద్రపదాల్లో గోదారి పోటెత్తితే పంటు ఆపేస్తారు, ముందే కనుక్కో. ఆగినా చించినాడ వంతెన మీదుగా వెళ్ళొచ్చు గానీ, అప్పుడిక ఇంత దూరం వచ్చి లాభమేంటి!

ఒక్కదానివే అంటే మీ అమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను. స్నేహితురాలిని తీసుకెళ్ళు, వాగుడుకాయని మాత్రం వద్దు. లాప్‌టాప్ ఇంట్లో పెట్టు. శుక్రవారం సాయంత్రమే నీ ఫైళ్ళు ఎవరికి అప్పగించాలో అప్పగించి, రెండు రోజులు దొరకనని మీ మేనేజర్‌కి రాతపూర్వకంగా చెప్పు. "అర్జంట్ అయితే చేయండి" అని మర్యాదకి కూడా అనకు, వాళ్ళకి అన్నీ అర్జంటే. స్కెచ్ బుక్కు కావాలంటే తీసుకెళ్ళు, తెరవకపోయినా తప్పులేదు.

శనివారం నీకు ఏమీ బాగోదు, ఇది ముందే చెబుతున్నా. తలనొప్పి, విసుగు, చెయ్యి మాటిమాటికీ ఫోన్ మీదికి పోవడం, అనవసరంగా వచ్చానన్న బాధ. పెదనాన్నని తిట్టుకుని మధ్యాహ్నం రెండు గంటలు పడుకో.

తిరిగొచ్చాక సోమవారం కూడా సెలవు పెట్టు. రైలు దిగి నేరుగా ఆఫీసుకి పోయావంటే వెళ్ళొచ్చిందంతా మియాపూర్ సిగ్నల్ దగ్గరే దిగిపోతుంది. ఇంకోటి, నాలుగు వారాలు పోయాక మళ్ళీ రాత్రి పదకొండింటికి క్లయింటు కాల్స్ మొదలైతే ఏ గోదారీ ఏమీ చేయలేదు. ఆ కాల్స్ సంగతి నువ్వు వాళ్ళతో కూర్చుని తేల్చుకోవాల్సిందే, కావాలంటే ఏం మాట్లాడాలో ఇద్దరం కలిసి రాసుకుందాం. వచ్చాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేను తోడొస్తా.

టికెట్లు వచ్చే శుక్రవారానికి చూశాను, వెయిటింగ్ లిస్టు ఉంది. ఆపై వారానికి రెండు కింది బెర్తులు దొరికేలా ఉన్నాయి. నీ స్నేహితురాలి పేరు, వయసు పంపు, బుక్ చేసేస్తా.

మీ పెదనాన్న