టెక్సాస్ ఎండలో జింక మాంసం: చల్లదనం ఎలా నిలపాలి?

తమ్ముడూ, నవంబర్ మొదటి వారంలో వేటాడిన తెల్లతోక జింక మాంసం, కారు ఫ్రిజ్‌లో పెట్టినా ఇంటికి వచ్చేసరికి తొడ ఎముక దగ్గర వాసన వచ్చిందని రాశావు. ఫ్రిజ్‌ది తప్పు కాదు. 12 వోల్టుల ఫ్రిజ్ చల్లగా ఉన్న మాంసాన్ని అలాగే ఉంచడానికి బాగా పనికొస్తుంది, కానీ అప్పుడే కోసిన వెచ్చటి తొడలోంచి వేడిని తొందరగా లాగలేదు. బయట చల్లగా తగిలినా ఎముక చుట్టూ వేడి గంటల తరబడి ఉండిపోతుంది.

జింక పడి, వేట లైసెన్సు ట్యాగ్ దానికి కట్టగానే పేగులు తీసేయి. నీడలోకి తెచ్చి తోలు ఒలిచెయ్యి, ఎందుకంటే దుప్పటిలా వేడిని పట్టి ఉంచేది ఆ తోలే. తర్వాత కాళ్లు విడదీసి గాలి ఆడేలా కాసేపు వేలాడదీయి. మగదో ఆడదో తెలిపే ఆనవాలు మాత్రం తీసేయకు, టెక్సాస్‌లో అది తప్పనిసరి.

అప్పుడు ఐస్ బాక్స్. ముందు రోజు రాత్రే అందులో కొంచెం ఐస్ వేసి పెట్టాలి. అడుగున గడ్డకట్టిన నీళ్ల సీసాలు, పైన మాంసం, మళ్లీ ఐస్. నీళ్లు కారే బిరడా తీసి ఉంచు, కరిగిన నీళ్లలో మాంసం నానకూడదు. ఎముక పక్కన థర్మామీటర్ గుచ్చి చూడు, 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగాకే ఫ్రిజ్‌లోకి మార్చు.

వాసన వచ్చిన ఆ తొడను మసాలా వేసైనా సరే వండొద్దు, పారేయి.