మిషనరీ కుటుంబాలు స్వదేశానికి వచ్చి నెలల తరబడి ఉంటాయి కదా, అది సెలవేనా?

కాదు, అందులో నిజమైన సెలవు కొన్ని వారాలే, మిగతాదంతా పనే. పూర్వం దీన్ని ఫర్లో అనేవారు, ఇప్పుడు చాలా సంస్థలు హోమ్ అసైన్‌మెంట్ అంటున్నాయి.

కారణం డబ్బు వచ్చే దారిలో ఉంది. చాలామంది మిషనరీల ఇల్లు గడిచేది స్వదేశంలోని చర్చి సంఘాలూ తెలిసిన కుటుంబాలూ పంపే కానుకల మీదే, కాబట్టి వాళ్ల దగ్గరికి వెళ్లి తాము పనిచేసే దేశంలో ఏం జరుగుతోందో చెప్పాలి, అడిగినవాటికి జవాబివ్వాలి, ఆగిపోయిన సాయాన్ని మళ్లీ కూడగట్టుకోవాలి. మధ్యలో వైద్య పరీక్షలు, వీసా కాగితాలు, పెద్దవాళ్లయిన అమ్మానాన్నలు.

బెంగళూరులోని ఒక తెలుగు సంఘం కెన్యాకు పంపిన కుటుంబం అనుకోండి. నాలుగేళ్ల తర్వాత వస్తే ఈ ఆదివారం వైట్‌ఫీల్డ్, వచ్చే ఆదివారం హోసూరు, ఆ పై వారం రాత్రి రైలెక్కి గుంటూరు, పెట్టె పూర్తిగా విప్పే తీరికే ఉండదు.

ఎక్కువమంది పొరబడేది పిల్లల విషయంలో. ‘హమ్మయ్య, సొంతూరికి వచ్చేశారు’ అంటారు, కానీ నైరోబీలో పెరిగిన పిల్లకి సొంతూరు నైరోబీయే, ఇక్కడ అత్తయ్యలు మాట్లాడే తెలుగు సగమే అర్థమవుతుంది, స్కూల్లో కన్నడ అసలు రాదు, స్నేహితులేమో అక్కడుంటారు. ఆ టెన్షన్ పైకి కనిపించదు, అదే బాధ. ఇలాంటి పిల్లలను థర్డ్ కల్చర్ కిడ్స్ అంటారు, ఆ మాట 1950లలో మన దేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ ఉసీమ్ వాడుకలోకి తెచ్చింది. వాళ్లను ‘ఇంటికొచ్చావా?’ అనకుండా ‘అక్కడ నీ ఫ్రెండ్స్ ఎలా ఉన్నారు?’ అని అడిగి చూడండి, వాళ్లే మాట్లాడతారు.