మందు కొట్టకముందు ఆకు తిప్పి చూడు

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. చిల్లులు పడ్డ మీ మిద్దెతోట ఆకులవి నువ్వు పంపిన ఫొటోలు కళ్లజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. ఆకుల సంగతి తర్వాత. మూడో ఫొటోలో వంగ కుండీల వెనక ఒక సంచి కనిపిస్తోంది, దాని మీద ఆముదం పిండి అని రాసుంది. ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, ముందు దాన్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, మీ కుక్కపిల్ల బ్రౌనీ వెళ్లలేని గదిలో దాచిరా. ఇప్పటికే కుండీల్లో వేసేసి ఉంటే ఆ పైమట్టి తీసి పారెయ్యి. డబ్బులు పోయాయని చూడకు.

నా కంగారుకి కారణం ఉంది. మూడేళ్ల కిందట గులాబీలకి మంచిదని నేనూ ఆ పిండే గుప్పెడు గుప్పెడు వేసి మట్టి కప్పాను. కుక్కలకి ఆ వాసన తిండి వాసనలా ఉంటుంది. రాత్రికి రాత్రి మా టైగర్ పాదులన్నీ తవ్వి తినేశాడు. తెల్లారేసరికి వాంతులు, సాయంత్రానికి విరేచనాల్లో రక్తం. పిలిస్తే తోక కూడా కదపలేదు. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక లేచి నిలబడ్డాడు. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. గానుగ ఆడాక అది నూనెలోకి రాదు, పిండిలోనే ఉండిపోతుంది. ఆ సంగతి నాకు డాక్టరు గారు చెప్పేదాకా తెలియదు. ఎరువు కావాలంటే వర్మీ కంపోస్టు వేసుకో, చాలు.

లద్దె పురుగులు ఆముదం ఆకుని ఇష్టపడతాయి కాబట్టి తోట చుట్టూ ఎరపంటగా, అంటే పురుగుల్ని తనవైపు లాక్కునే పంటగా, ఆముదం మొక్కలు పెట్టమని కూడా ఎవరో ఒకరు నీకు చెప్తారు. పొలం గట్టు మీద అది మంచి పద్ధతే. దొరికిందల్లా కొరికే కుక్కపిల్ల ఉన్న మిద్దె మీద మాత్రం వద్దు. గింజలు రాలితే ఏరుకుని నమిలేస్తుంది.

ఇక నీ ఆకులు. బచ్చలికి నువ్వు ఏ మందూ కొట్టక్కర్లేదు. చిల్లులు గుండ్రంగా ఉన్నాయి, చుట్టూ ఊదారంగు అంచు ఉంది. అది పురుగు కొరికింది కాదు, ఆకుమచ్చ తెగులు. మచ్చ మధ్యలో ఎండి రాలిపోతే చిల్లు మిగులుతుంది. ఆ ఆకులు కోసి పారేసి, నీళ్లు ఆకుల మీద పడకుండా మొదట్లో పొయ్యి.

వంగది వేరే కథ. ఆకులో ఈనెలు మిగిలి, మధ్య పచ్చదనమంతా గీకేసినట్టు జల్లెడలా ఉంది కదా? ఆకు తిరగేసి చూడు. పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లున్న చిన్న పిల్ల పురుగులు, పక్కనే నిలువుగా పేర్చిన పసుపు గుడ్ల గుంపు ఉంటాయి. అవి అక్షింతల పురుగులు. ఒక్క చిక్కుంది. మొక్కల రసం పీల్చే పేనుబంకని తినిపెట్టే మంచి పురుగుని కూడా మనవాళ్లు అక్షింతల పురుగు అనే అంటారు. రెక్కలొచ్చిన పెద్ద పురుగుల్లో మంచిది నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఆకు తినేది సన్నటి నూగుతో మసకగా, కాస్త ఇటుకరంగులో, ఎక్కువ చుక్కలతో ఉంటుంది. నిగనిగలాడేదాన్ని చంపకు. రెండోదాన్ని ఉదయం చల్లగా ఉన్నప్పుడు, చురుకు తక్కువగా ఉంటుంది కనుక, సబ్బునీళ్ల గిన్నెలోకి దులిపెయ్యి. గుడ్లున్న ఆకు తుంచెయ్యి. వరసగా వారం రోజులు చేస్తే నీ ఆరు మొక్కలకి ఇంకేం అక్కర్లేదు.

కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపిస్తున్నది రెట్ట కాదు, నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకి చూడు, తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. లేత చిగుళ్లు తినేస్తుంది కాబట్టి చిన్న మొక్క మీద నుంచి తీసెయ్యాల్సిందే. నేనైతే పెరటి పెద్దచెట్టు మీదకి మార్చేస్తాను. ఆ చెట్టుకి నాలుగు రెమ్మలు పోయినా లెక్క కాదు.

గోంగూర ఒక్క రాత్రిలో సగమైందన్నావు. పగలు వెతికితే ఏం దొరకదు. రాత్రి తొమ్మిది దాటాక టార్చిలైటు వేసుకుని వెళ్లు. నల్లటి గుళికల్లాంటి పెంట కనిపిస్తే పొగాకు లద్దె పురుగు, పగలు కుండీ అడుగున మట్టిలో దాక్కుంటుంది. మెరిసే జిగురు చార కనిపిస్తే నత్త. నత్తలకైతే తడిపిన గోనెసంచి కింద కాబేజీ ఆకులు పెట్టి సాయంత్రం వదిలెయ్యి, పొద్దున్నే ఎత్తితే అన్నీ అక్కడే ఉంటాయి. చేతికి తొడుగు వేసుకునే ఏరు. బ్రౌనీని నోట పెట్టుకోనివ్వకు, నత్తల్లో కుక్కలకి, మనకి కూడా జబ్బు చేసే పురుగులుంటాయి. మందుల షాపులో ఇచ్చే మెటల్డిహైడ్ గుళికలు మాత్రం ఇంట్లోకే తేవద్దు. అవి తిన్న కుక్కకి కొద్ది గంటల్లోనే వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. తవుడు, బెల్లంలో పురుగుమందు కలిపి పెట్టే విషపు ఎర ఉండలు కూడా అంతే. బెల్లం వాసనకి ముందు వచ్చేది బ్రౌనీయే.

లద్దె పురుగు ఏరలేనంత ఉంటే బీటీ పొడి అడుగు. అదొక బాక్టీరియా, గొంగళిజాతి పురుగుల కడుపులోనే పని చేస్తుంది. ప్యాకెట్ మీద రాసిన కొలతతో సాయంత్రం కొట్టు, ఎండకి దాని బలం పోతుంది. వంగ మీది అక్షింతల పురుగుకి మాత్రం అది పనికిరాదు. వేపనూనె అయితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడు రసం. ఆకు అడుగున తడిసేలా కొట్టి, మిద్దె తలుపు తెల్లారేదాకా వేసి ఉంచు. మీ మిద్దె మీదకి పక్కింటి పిల్లి వస్తుందన్నావు కదా. పిల్లి ఒంటికి అంటిందల్లా నాకేస్తుంది, వేపనూనె దానికి పడదు. అందుకే కొట్టిన కుండీల మీద దోమతెర కప్పు. ఆ తెర రోజూ ఉంచినా మంచిదే, మిడతలు కూడా రావు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు పిల్లి తిరిగే చోట అసలే వద్దు, పిల్లి ఒళ్లు పెర్మెత్రిన్‌ని అరిగించుకోలేదు.

కషాయాలన్నీ సహజమైనవి కదా, ఏం కాదులే అన్నావు. ఇక్కడ నీతో ఒప్పుకోను. అగ్నిఅస్త్రం అనే కషాయంలో పొగాకు, వెల్లుల్లి, పచ్చిమిర్చి ఉంటాయి. పొగాకులో నికోటిన్ కుక్కకి విషం. వెల్లుల్లి, ఉల్లి కడుపులోకి వెళ్తే కుక్కకీ పిల్లికీ రక్తం దెబ్బతింటుంది. కారం కళ్లలో పడితే సరేసరి. వడగట్టిన పిప్పి కంపోస్టు తొట్టిలో మూత లేకుండా పడేస్తే ఇంకా ప్రమాదం. పొలంలో రైతులకి అవి బాగా పనికొస్తాయి, నేను కాదనను. బ్రౌనీ పడుకునే చోటికి రెండడుగుల దూరంలో మాత్రం నేను కొట్టను.

వానల్లో మునగచెట్టు కాండం మీద గొంగళి పురుగులు గుంపుగా చేరితే బ్రౌనీని దగ్గరికి పోనివ్వకు. వాసన చూడబోయినా వెంట్రుకలు మూతికి గుచ్చుకుని చొంగ కారుస్తుంది. అప్పుడు చేత్తో రుద్దకుండా, టేపు అంటించి లాగి, నీళ్లతో కడుగు.

ఎప్పుడైనా ఏదైనా తినేసిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టకు, వాంతి చేయించాలని చూడకు. ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. రాత్రిపూట తెరిచి ఉండే పెట్ క్లినిక్ నంబరు ఇవాళే ఫ్రిజ్ మీద అంటించు. మేము టైగర్‌కి బాగోలేనప్పుడు ఆ నంబరు వెతకడానికే అరగంట పోగొట్టుకున్నాం.

ఈ రాత్రి టార్చి వేసుకుని గోంగూర దగ్గరికి వెళ్లి చూసి, ఏం దొరికిందో ఫొటో తీసి పంపు. పదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ