‘బొమ్మ పడే’ సంభావ్యతా, ‘బొమ్మ పడిన’ సంభావ్యతా?

సందేహం: ఏడో తరగతి పిల్లలకు గణితం చెబుతున్నాను. ఒక విద్యార్థి నాణేన్ని 50 సార్లు ఎగరవేసి, 28 సార్లు బొమ్మ పడగా, ‘బొమ్మ పడిన సంభావ్యత 28/50’ అని రాశాడు. నేను పాఠంలో ‘పడే సంభావ్యత’ అన్నాను. జరిగిపోయినదాన్ని ‘పడే’ అనడం ఎలా కుదురుతుందని అతని ప్రశ్న. ఏది సరైనది? ‘ప్రాయోగిక’, ‘ప్రయోగాత్మక’ పదాలలో ఏది వాడాలి?

సమాధానం: విద్యార్థి లెక్క సరైనదే, ప్రశ్న ఇంకా మంచిది. వాక్యంలో మారవలసింది ఒక్క విశేషణమే. ‘పడిన’ అనేది భూతకాలాన్ని చెప్పే ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం. జరిగిపోయి, లెక్కకు అందిన సంగతికే అది చెల్లుతుంది. ‘పడే’ అన్నది ‘పడెడి’ నుంచి వచ్చిన రూపం, మన వ్యాకరణాలు తద్ధర్మార్థకమని, అంటే కాలంతో పని లేకుండా స్వభావాన్ని తెలిపేదని పేర్కొన్నది. ‘తూర్పున ఉదయించే సూర్యుడు’ అన్నప్పుడు నిన్నటి ఉదయాన్నో రేపటి ఉదయాన్నో కాక సూర్యుడి ధర్మాన్ని చెప్పినట్లే, ‘బొమ్మ పడే’ అన్నప్పుడు ఆ నాణేనికున్న ధర్మాన్ని చెబుతున్నాం. ఒక ఘటన జరుగుతుందని ఎంతమేరకు భావించవచ్చో తెలిపే కొలత సంభావ్యత. కళ్లతో చూసి లెక్కపెట్టినదాని విషయంలో ఇక భావించడానికి ఏమీ మిగలదు కనుక, ఆ పదానికి ముందు ‘పడే’ అన్నదే పొసగుతుంది.

అయితే ‘పడిన’ అనే మాటకు చోటు లేదని కాదు. ‘50 సార్లు ఎగరవేయగా బొమ్మ పడిన సార్లు 28, కాబట్టి ఈ నాణెంతో బొమ్మ పడే ప్రాయోగిక సంభావ్యత 28/50, అంటే 0.56’ అని రాయించండి. పడినవాటిని ఆధారంగా చేసుకుని పడే తీరును అంచనా వేయడమే ప్రాయోగిక సంభావ్యత కాబట్టి, ఈ వాక్యానికి రెండు రూపాలూ అవసరమే. సైద్ధాంతిక సంభావ్యతలో నాణేన్ని ఎగరవేయవలసిన పనే లేదు. బొమ్మ, బొరుసు అనే రెండు పర్యవసానాలు సమసంభవాలని, అంటే రెండింటికీ సమాన అవకాశం ఉందని ఒప్పుకుని 1/2 అంటాం.

ఆ 1/2ను పిల్లలు ‘రెండుసార్లు ఎగరవేస్తే ఒకసారి బొమ్మ పడుతుంది’ అని మాటల్లోకి మారుస్తారు. ఇది తప్పక దిద్దవలసిన వాక్యం. రెండుసార్లు ఎగరవేస్తే సమసంభవమైన పర్యవసానాలు నాలుగు. వాటిలో సరిగ్గా ఒక్క బొమ్మ ఉన్నవి రెండే. అందువల్ల ‘పడుతుంది’ అని నిశ్చయంగా చెప్పలేం, ‘పడవచ్చు’ అనాలి. వరుసగా ఐదుసార్లు బొమ్మ పడ్డాక ‘ఈసారి బొరుసు పడాలి’ అనడమూ ఇలాంటిదే. ముందు పడినవాటికీ తరువాత పడబోయేదానికీ సంబంధం లేదు.

ప్రయోగాల సంఖ్య పెరిగేకొద్దీ నిష్పత్తి 1/2 దగ్గర స్థిరపడుతుందనడానికి చరిత్రలో చక్కని లెక్కలున్నాయి. 18వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ లెక్కలో 4,040 సార్లకు 2,048 సార్లు బొమ్మ పడింది. నిష్పత్తి సుమారు 0.507. ఆ తరువాత ఆంగ్ల గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 24,000 సార్లు ఎగరవేయగా 12,012 సార్లు పడింది, నిష్పత్తి 0.5005. ఇక్కడ ‘1/2కు చేరువవుతుంది’ అనండి. ‘1/2 అవుతుంది’ అనవద్దు.

ఇక రెండో ప్రశ్న. సిద్ధాంతానికి ‘ఇక’ ప్రత్యయం చేరి తొలి అచ్చుకు వృద్ధి వచ్చి (‘ఇ’ ‘ఐ’గా, ‘అ’ ‘ఆ’గా మారడం) ‘సైద్ధాంతిక’ అయినట్లే, ప్రయోగం ‘ప్రాయోగిక’ అవుతుంది. జంటగా వాడడానికి ఇవే తగినవి. ‘ప్రయోగాత్మక’ తప్పు కాదు గాని, ‘ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా అమలు చేస్తారు’ వంటి వార్తల వల్ల దానికి ‘పరీక్షార్థం’ అనే అర్థం బలపడింది. ‘సిద్ధాంతిక’ అని రాస్తే మాత్రం దిద్దండి.

తరగతిలో ఒక గవ్వను కూడా వేయించి చూడండి. అది వెల్లకిలా పడవచ్చు, బోర్లా పడవచ్చు. పర్యవసానాలు రెండే అయినా గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి అవి సమసంభవాలని ముందే అనుకోవడానికి వీల్లేదు, 1/2 అని రాయడానికీ వీల్లేదు. ‘వెల్లకిలా పడే సంభావ్యత ఎంత?’ అని అడిగితే, వెల్లకిలా పడిన సార్లను లెక్కపెట్టి చెప్పడమే పిల్లలకున్న దారి.