మోకాలి ఆపరేషన్ తర్వాత సీఆర్పీ పెరిగింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురం. 2024 జనవరిలో విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అమ్మకు మోకాలి మార్పిడి చేయించాం. మూడో రోజే సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష) 180 వచ్చినా డాక్టరు పట్టించుకోలేదు. మూడో వారానికి 12కు దిగి, ఏడో వారం మళ్లీ 64 అయింది. యాంటీబయాటిక్ మాత్రలు రాసి పంపేశారు. ఆగస్టులో వేరే ఆసుపత్రివాళ్లు ఇన్ఫెక్షన్ అని తేల్చి, పెట్టిన కీలు తీసేశారు. అమ్మ మంచం దిగలేకపోతోంది. ఏడో వారం రిపోర్టు ఎక్కడో పోయింది. తెలిసిన ల్యాబ్ అబ్బాయి పాత తేదీతో ఇంకొకటి ఇస్తానంటున్నాడు. పోలీసు కేసు పెట్టమంటారా?

జవాబు: మూడో రోజు 180ని వదిలేయండి. కీలు మార్చాక రెండు మూడు రోజులు సీఆర్పీ బాగా పెరగడం మామూలే. అలాంటిదే మరో రక్తపరీక్ష ఈఎస్ఆర్ అయితే నెలల తరబడి తగ్గకపోవచ్చు. మీరు దాన్ని పట్టుకుంటే అవతలి వకీలు మొదటి వాయిదాలోనే కొట్టిపారేస్తారు. మీ కేసంతా దిగిన సీఆర్పీ ఏడో వారం మళ్లీ ఎందుకెక్కిందన్న దాని మీదే ఉంది. ఆ 64ను డాక్టరు చూశారా? చూసి కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపకుండానే మాత్రలు రాశారా? ముందే యాంటీబయాటిక్ వాడితే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. ఇది తేల్చడానికి ఎముకల నిపుణుడి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

అంత ముఖ్యమైన కాగితం పోగొట్టుకోవడం ఏమిటండీ! పాత తేదీ రిపోర్టు మాత్రం ముట్టుకోవద్దు. ల్యాబ్ కంప్యూటర్లో అసలు తేదీ దొరికిన రోజున మీ నిజమైన కాగితాలనూ ఎవరూ నమ్మరు, పైగా దొంగ సాక్ష్యం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. పరీక్ష చేసిన ల్యాబ్‌నే డూప్లికేట్ అడగండి. అమ్మ ఫోన్లో వాట్సాప్, మెసేజ్‌లు వెతకండి. ఆ రోజు ఓపీ చీటీలో డాక్టరు చేత్తో '64' అని రాసి ఉంటే రిపోర్టుకన్నా అదే గట్టి సాక్ష్యం, ఆయన చూశారని అదే చెబుతుంది.

మొత్తం రికార్డు కోసం అమ్మ సంతకంతో ఆసుపత్రికి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. 2002 వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైననాటి నుంచి మూడేళ్లే రికార్డులు దాచాలన్నది కూడా అందులోనే ఉంది.

పోలీసుల దగ్గరికి పరుగెత్తకండి. జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పినట్టు, క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం కనబడాలి. మీ దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరుండే జిల్లాలోనే, అంటే రాయగడలోనే వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

గడువు రెండేళ్లు. ఆపరేషన్ నుంచి లెక్కిస్తే 2026 జనవరితోనే అయిపోయింది. ఇన్ఫెక్షన్ బయటపడ్డ 2024 ఆగస్టు నుంచి లెక్కించమని వాదించవచ్చు. అప్పుడు 2026 ఆగస్టు దాకా ఉంటుంది. అయినా ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు కూడా జతచేయండి. లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం కూర్చోవద్దు, నోటీసుతో గడువు ఆగదు. ఫిర్యాదు అమ్మ పేరునే వేయండి. మహిళ కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆమెకు ఉచితంగా వకీలునిస్తుంది.